మంచు తవ్విన లోయ: గ్రిండెల్‌వాల్డ్ పరిసరాల హిమానీనదాలు, గార్జ్‌లు, సరస్సులు

నదులు నేలను ఎలా కోస్తాయో ఇంతకు ముందు భాగంలో చదివారు. ఈ భాగంలో హిమానీనదాలు చేసే పనిని పరిశీలిద్దాం. పాఠ్యగ్రంథాలు సాధారణంగా సర్క్, యు ఆకారపు లోయ, వేలాడే లోయ, మొరైన్, సరస్సు అంటూ ఒక్కొక్క భూస్వరూపానికి ఒక్కొక్క పేరా కేటాయిస్తాయి. విద్యార్థులు వాటిని విడివిడిగా కంఠస్థం చేసి, పరీక్షలో విడివిడిగానే రాస్తారు. చాలా ఏళ్ళు నేనూ అలాగే బోధించాను. కానీ నేల మీద అవి విడివిడిగా ఉండవు. మంచు లోయను తవ్వుతుంది. మంచు కింద కరిగిన నీరు ఆ లోయలోని రాతిని కోసి గార్జ్‌ను చేస్తుంది. ఆ నీరు పల్లంలో నిలిస్తే సరస్సు అవుతుంది. ఇవి మూడూ ఒకే పని యొక్క మూడు దశలు. ఈ సంగతి అర్థం కావాలంటే నిర్వచనాల కన్నా ఒక ఊరిని దగ్గరగా చూడటం మేలు. అందుకు స్విట్జర్లాండులోని గ్రిండెల్‌వాల్డ్‌ను ఎంచుకున్నాను.

ఊరు, దాని చుట్టుపక్కల

గ్రిండెల్‌వాల్డ్ బెర్న్ రాష్ట్రపు దక్షిణ భాగమైన బెర్నీస్ ఓబర్‌లాండ్‌లో, సముద్రమట్టానికి 1,034 మీటర్ల ఎత్తున ఉంది. అట్లాసు దగ్గర పెట్టుకుని ఈ పేజీలు చదవండి. ఊరికి దక్షిణాన ఐగర్ (3,967 మీటర్లు), ష్రెక్‌హార్న్ (4,078 మీటర్లు), వెట్టర్‌హార్న్ (3,692 మీటర్లు) శిఖరాలు గోడలా నిలబడి ఉంటాయి. ఈ గోడలో రెండు సందులున్నాయి. ఐగర్‌కు, మెట్టెన్‌బెర్గ్ అనే కొండకు నడుమ ఉన్న సందులో దిగువ గ్రిండెల్‌వాల్డ్ హిమానీనదం, మెట్టెన్‌బెర్గ్‌కు వెట్టర్‌హార్న్‌కు నడుమ ఉన్న సందులో ఎగువ గ్రిండెల్‌వాల్డ్ హిమానీనదం ఉన్నాయి. ఉత్తరం వైపు మాత్రం పచ్చిక బయళ్ళతో కూడిన మెల్లని వాలు. ఆ వాలు పైన బాఖాల్ప్‌జే అనే సరస్సు ఉంది. ఊరి నీళ్ళన్నీ నల్ల లుట్షినె అనే నదిగా పడమరకు పారి, పక్క లోయ నుంచి వచ్చే తెల్ల లుట్షినెతో కలిసి బ్రీంజ్ సరస్సులో పడతాయి. ఆ రెండూ కలిసే ఊరి పేరే త్స్వైలుట్షినెన్, అంటే రెండు లుట్షినెలు.

తరగతి గదిలో ఈ ఊరిది ఒక పాత చిత్రం చూపించేవాణ్ణి. ఇళ్ళ వెనకాలే తెల్లని మంచు నాలుక లోయలోకి దిగి ఉండేది. ఉద్యోగ విరమణకు కొద్ది ఏళ్ళ ముందు అక్కడికి వెళ్ళే అవకాశం వచ్చింది. ఆ చిత్రం తీసిన చోటు ఇంచుమించు ఇదే అనుకున్న చోట నిలబడి చూస్తే ఎదురుగా బూడిద రంగు బండలు, నడుమ ఒక చీలిక, అందులోంచి మసక నీళ్ళు. మంచు లేదు. నేను పాతికేళ్ళుగా వర్తమాన కాలంలో చెబుతూ వచ్చిన వాక్యాన్ని భూతకాలంలోకి మార్చుకోవలసి వచ్చింది.

మంచుగడ్డ ఎలా నడుస్తుంది

తెలుగులో 'మంచు' అనే ఒక్క మాటతో చాలా పనులు నెట్టుకొస్తాం. తెల్లవారుజామున గడ్డి మీద ఉండేదీ మంచే, పొగమంచూ మంచే, ఫ్రిజ్‌లో గడ్డకట్టేదీ మంచే. ఈ పాఠంలో మాత్రం రెండింటిని వేరు చేసి చూడాలి. ఆకాశం నుంచి రాలే మెత్తని పొడి హిమం. అది ఏళ్ళ తరబడి పొర మీద పొరగా పేరుకుని, పైభారానికి గాలి బయటికి పోయి, గట్టిపడితే మంచుగడ్డ. కొత్తగా రాలిన హిమం ఘనమీటరుకు వంద కిలోలు కూడా తూగకపోవచ్చు. హిమానీనదంలోని గడ్డ తొమ్మిది వందల కిలోల దాకా తూగుతుంది. అంత బరువుతో, వందల మీటర్ల మందంతో ఉన్న గడ్డ తన భారానికి తానే వంగి, రాతి మీద జారి, వాలు వెంట నెమ్మదిగా కదులుతుంది. అలా కదిలే గడ్డనే హిమానీనదం అంటాం.

దీని పొడవు ఎలా నిర్ణయమవుతుందో గాదెతో పోల్చి చూడండి. పైన చలి ప్రదేశంలో ఏటా హిమం చేరుతుంది, అది గాదెలో పోసే ధాన్యం. కింద వెచ్చని భాగంలో మంచు కరుగుతుంది, అది తీసే ధాన్యం. పోసింది ఎక్కువైతే హిమానీనదం కొస ముందుకు సాగుతుంది. తీసింది ఎక్కువైతే కొస వెనక్కి తగ్గుతుంది. ఇక్కడే చాలామంది జవాబు పత్రాల్లో తప్పు రాస్తారు. 'హిమానీనదం వెనక్కి తగ్గింది' అంటే మంచు కొండ పైకి తిరిగి నడిచిందని కాదు. వెనక్కి తగ్గుతున్న హిమానీనదంలోనూ మంచు కిందికే కదులుతూ ఉంటుంది. వచ్చినదాని కన్నా కరిగింది ఎక్కువ కాబట్టి కొస పైకి జరిగినట్లు కనిపిస్తుంది, అంతే.

కదిలే మంచు రెండు విధాలుగా రాతిని అరగదీస్తుంది. పగుళ్ళలో చేరిన నీరు గడ్డకట్టి రాతి ముక్కలను పట్టుకుంటే, మంచు ముందుకు పోతూ వాటిని పెకలించుకుపోతుంది. అలా పెకలించిన రాళ్ళు మంచు అడుగున ఇరుక్కుని, కింది రాతిని ఆకురాయిలా ఒరుస్తాయి. ఈ ఒరపిడికి రాతి మీద సమాంతర గీతలు పడతాయి. పొడి అయిన రాయి పిండిలా నీటిలో కలుస్తుంది.

ఈ గీతల సంగతి మొదట గట్టిగా చెప్పినది విశ్వవిద్యాలయాల్లో ఉన్నవారు కాదు. బెర్నీస్ ఆల్ప్స్‌కు అవతల, వాలే ప్రాంతంలో జాన్ పియెర్ పెరొడాన్ అనే పర్వత వేటగాడు ఉండేవాడు. లోయలోని రాళ్ళ మీద గీతలు చూసి, ఒకప్పుడు ఈ లోయంతా హిమానీనదం నిండి ఉండేదని 1810ల నాటికే అన్నాడు. ఆయన మాట విన్న ఇంజనీరు శార్పాంటియె మొదట నమ్మలేదు, తరువాత నమ్మి తానే ప్రచారం చేశాడు. ఆయన ద్వారా ఆ ఆలోచన లూయి అగాసీకి చేరింది. అగాసీ 1840లో హిమానీనదాలపై తన గ్రంథాన్ని ప్రచురించి, ఒకప్పుడు హిమయుగం ఉండేదనే భావనను శాస్త్రలోకం ముందు పెట్టాడు. గ్రిండెల్‌వాల్డ్‌కు తూర్పున, ఇక్కడికి దూరం కాని ఉంటరార్ హిమానీనదం మీద ఒక పెద్ద బండ కిందనే మకాం పెట్టి కొలతలు తీసుకున్నాడు.

ఇలాంటి గీతలు మనకు అందని దూరంలోనే ఉన్నాయనుకోకండి. మహారాష్ట్రలో చంద్రపూర్ దగ్గర ఇరాయ్ అనే చోట సున్నపురాతి మీద హిమానీనదం గీసిన గీతలున్నాయి. అవి దాదాపు 30 కోట్ల సంవత్సరాల కిందటివి. అప్పటి మంచు మోసి పడేసిన గుండ్రాళ్ళ పొరలను తాల్చేర్ పొరలు అంటారు. ప్రాణహిత-గోదావరి లోయలో సింగరేణి బొగ్గున్న గోండ్వానా శిలల అడుగున ఉన్నవి ఇవే. బొగ్గు పైన, మంచు గురుతు కింద.

ఊరి దాకా వచ్చి వెళ్ళిన మంచు

ప్రపంచంలో చాలా హిమానీనదాల గత స్థితి ఊహించి చెప్పవలసినదే. దిగువ గ్రిండెల్‌వాల్డ్ హిమానీనదం సంగతి వేరు. అది ఊరికి దగ్గరగా ఉండటం వల్ల చిత్రకారులు, తరువాత ఫోటోగ్రాఫర్లు దాన్ని మళ్ళీ మళ్ళీ చిత్రించారు. 1642లో మాథ్యూస్ మెరియన్ ప్రచురించిన గ్రంథంలోనే దాని చిత్రం ఉంది. ఇలాంటి చిత్రాల్లోని బండలను, ఇళ్ళను నేటి నేలతో పోల్చి శాస్త్రజ్ఞులు మంచు కొస ఏ ఏట ఎక్కడుందో గుర్తించారు.

ఆ లెక్క ప్రకారం 1600 ప్రాంతంలో మంచు బాగా ముందుకు వచ్చి పొలాలను, కొట్టాలను తొక్కేసింది. చిన్న హిమయుగం అని పిలిచే చల్లని కాలమది. 18వ శతాబ్దంలో హిమానీనదం అంచున ఒక పాలరాతి గనిలో రాయి తవ్వేవారు. మంచు ముందుకొచ్చి ఆ గనిని కప్పేసింది. వందేళ్ళ తరువాత, 1860లలో, మంచు తగ్గగానే గని మళ్ళీ బయటపడింది. నడుమ 1855-56 ప్రాంతంలో మంచు కొస వెయ్యి మీటర్ల కన్నా దిగువకు, లోయ అడుగు దాకా వచ్చింది. ఆ శతాబ్దపు రెండో భాగంలో ఊరివాళ్ళు ఆ మంచునే కోసి హోటళ్ళకు అమ్మేవారు. 1890లో రైలు వచ్చాక యాత్రికులు పెరిగారు. పంటను తొక్కేసిన మంచే ఊరికి జీవనాధారమైంది.

ఆ తరువాత మొత్తం మీద తగ్గుదలే. మధ్యలో 1970, 1980 దశకాల్లో ఎగువ హిమానీనదం కొంత ముందుకు సాగింది. దాన్ని పట్టుకుని 'మంచు తగ్గడం లేదు' అని వాదించినవారూ ఉన్నారు. పదేళ్ళ కదలికతో వందేళ్ళ ధోరణిని కొట్టేయలేం. ఇటీవలి సంగతి చెప్పాలంటే, 2022, 2023 అనే రెండే సంవత్సరాల్లో స్విట్జర్లాండు హిమానీనదాలు తమ మొత్తం ఘనపరిమాణంలో పదో వంతు కోల్పోయాయి.

గార్జ్: నీరు కోసిన చీలిక

మంచు తగ్గాక దిగువ హిమానీనదం చోట బయటపడినదే నేను చూసిన ఆ చీలిక. నిటారు గోడల నడుమ, కొన్ని చోట్ల ఇరుకైన గదిలా ఉంటుంది. రాతికి తాపిన నడకదారి మీద సుమారు కిలోమీటరు దూరం లోపలికి వెళ్ళవచ్చు. గోడల మీద గుండ్రని తొట్ల వంటి గుంటలు కనిపిస్తాయి. సుడిలో చిక్కిన రాళ్ళు రోకలిలా తిరిగి తొలిచినవి అవి.

దీన్ని ఎవరు చేశారు? 'హిమానీనదం' అని రాస్తే సగం తప్పు, 'నది' అని రాసినా సగం తప్పు. మంచు విశాలంగా తవ్వుతుంది, దాని లోయ వెడల్పుగా యు ఆకారంలో ఉంటుంది. ఇంత సన్నని చీలికను మంచు చేయలేదు. చేసింది నీరే. అయితే అది మామూలు నది నీరు కాదు. వందల మీటర్ల మంచు కింద ఇరుకు సొరంగాల్లో చిక్కుకుని, ఒత్తిడితో, రాళ్ళూ ఇసుకా మోసుకుంటూ పరుగెత్తిన నీరు. మంచు తొలగాక నది ఆ కోతను కొనసాగించింది.

దీనికి మంచి నిదర్శనం ఊరికి తూర్పున, మైరింగెన్ దగ్గరి ఆరె నది గార్జ్. అక్కడ లోయకు అడ్డంగా కిర్ఖెట్ అనే సున్నపురాతి గట్టు ఉంది. ఆరె నది ఆ గట్టును 1.4 కిలోమీటర్ల పొడవున, కొన్ని చోట్ల 200 మీటర్ల దాకా లోతున కోసింది. అత్యంత ఇరుకైన చోట వెడల్పు ఒక మీటరే. ఆ గట్టులో ఇప్పుడు నది పారే చీలిక కాక, నీరు వదిలేసిన పాత చీలికలూ ఉన్నాయి. మంచు వచ్చిన ప్రతిసారీ దాని అడుగు నీరు కొత్త దారి వెతుక్కుంది. ఒకే నది, మంచు లేకుండా, తన తోవ తాను కోసుకుంటే ఇన్ని చీలికలు పక్కపక్కన ఉండవు.

పడమటి పక్కన లౌటర్‌బ్రునెన్ లోయ ఉంది. యు ఆకారపు లోయకు దీనికన్నా స్పష్టమైన ఉదాహరణ నేను చూడలేదు. పక్క వాగులు పెద్ద లోయ అంత లోతు తవ్వుకోలేక పైనే వేలాడుతూ ఉండిపోయాయి, స్టౌబ్‌బాఖ్ జలపాతం 297 మీటర్లు దూకడానికి కారణం అదే. కానీ అదే లోయలోని ట్రుమెల్‌బాఖ్ అలా దూకదు. ఐగర్, మోన్ష్, యుంగ్‌ఫ్రావ్ శిఖరాల మంచు నీటిని మోసుకొచ్చే ఆ వాగు రాతి గోడ లోపలే సుడులు తిరుగుతూ పది జలపాతాలుగా దిగుతుంది. ఉధృతంగా ఉన్నప్పుడు సెకనుకు 20,000 లీటర్ల నీరు. ఏటా 20,000 టన్నులకు పైగా రాళ్ళను, మట్టిని దింపుతుంది. గార్జ్ ఇంకా తయారవుతూ ఉన్న స్థితి చూడాలంటే అక్కడే చూడాలి.

మన గోదావరి, కృష్ణ వానను బట్టి పొంగుతాయి. ఈ వాగులు ఎండను బట్టి పొంగుతాయి. వాటికి వరద కాలం వేసవి. ఎండ రోజుల్లో తెల్లవారుజామున పలుచగా ఉన్న వాగు మధ్యాహ్నం దాటాక ఉరకలేస్తుంది. పొద్దున సులువుగా దాటిన వాగును సాయంత్రం తిరిగి దాటలేక ఇబ్బందిపడే కొత్తవాళ్ళు ఉంటారు.

సరస్సుల రంగు, లోతు

బాఖాల్ప్‌జే 2,265 మీటర్ల ఎత్తున ఉంది. ఫిర్స్ట్ అనే చోటు దాకా రోప్‌వేలో వెళ్ళి, అక్కడి నుంచి గంటసేపు నడిస్తే చేరవచ్చు. గాలి లేని ఉదయం ష్రెక్‌హార్న్ ప్రతిబింబం అందులో కనిపిస్తుంది. ఫోటోలు తీసుకున్న తరువాత నీటి రంగు గమనించండి. తేటగా, ముదురుగా ఉంటుంది. ఇప్పుడు దాని పైన హిమానీనదం లేదు, ఊట నీరు, కరిగిన హిమం, వాన మాత్రమే చేరతాయి. కింద ఉన్న బ్రీంజ్ సరస్సు మాత్రం పాలు కలిసిన నీలాకుపచ్చ రంగులో ఉంటుంది. ముందు చెప్పిన రాతిపిండి ఆ నీటిలో తేలుతూ వెలుతురును చెదరగొట్టడం వల్ల ఆ రంగు. అంటే సరస్సు రంగు చూసి దాని ఎగువన మంచు పని చేస్తోందో లేదో చెప్పవచ్చు.

లోతు ఇంకా ఆసక్తికరమైన సంగతి. బ్రీంజ్ సరస్సు నీటిమట్టం 564 మీటర్లు, లోతు దాదాపు 260 మీటర్లు. నది ఎప్పుడూ తన నీరు బయటికి పోయే మట్టం కన్నా ఇంత కిందికి తవ్వలేదు. ముందుకు పారాలంటే దానికి పల్లం కావాలి. మంచుకు ఆ నియమం లేదు. పైతలం వాలుగా ఉంటే చాలు, వెనక నుంచి నెట్టే బరువుతో అడుగు మంచు ఎదురెక్కి కూడా పోగలదు. అందుకే మెత్తని రాయి ఉన్నచోట గోతి తవ్వి, గట్టి రాయి ఎక్కి దాటి, మళ్ళీ తవ్వుతుంది. మంచు పోయాక ఆ గోతిలో నీరు నిలుస్తుంది. బ్రీంజ్, థూన్ సరస్సులు ఒకప్పుడు ఒకటే. లుట్షినె తదితర నదులు తెచ్చిన ఒండ్రు నడుమ మేట వేసి రెండుగా విడదీసింది. ఆ మేట మీద వెలసిన పట్టణం పేరు ఇంటర్‌లాకెన్, అంటే 'సరస్సుల నడుమ'.

ఊరికి ఎవరూ కోరని సరస్సు

పై రెండు సరస్సులూ మంచు ఎప్పుడో వదిలివెళ్ళినవి. మూడో సరస్సు మన కళ్ళ ముందు పుట్టింది.

హిమానీనదం పక్క గోడలకు ఆసరాగా ఉంటుంది. దిగువ హిమానీనదం పలచబడుతూ వచ్చాక దాని పక్కన మంచు మోసి పోసిన వదులు మట్టి, రాళ్ళ గట్టు, అంటే పార్శ్వ మొరైన్, ఆసరా కోల్పోయింది. ఆ గట్టు మీద ష్టీరెగ్ అనే చోట పర్వతారోహకులు ఆగే ఫలహారశాల ఉండేది. 2005లో గట్టు విరిగి జారడంతో దాన్ని వదిలేయవలసి వచ్చింది. మరుసటి ఏడాది జూలైలో ఎదురు గోడ, ఐగర్ తూర్పు పార్శ్వం, వంతు వచ్చింది. లక్షల ఘనమీటర్ల రాయి ఒక్కసారిగా విరిగి లోయలో పడింది.

ఇప్పుడు ఏం జరిగిందో మెట్టు మెట్టుగా ఆలోచించండి. రాళ్ళు కప్పిన చోట మంచుకు ఎండ తగలదు, అది నెమ్మదిగా కరుగుతుంది. రాళ్ళు లేని చోట మంచు త్వరగా కరుగుతుంది. అలా దిగువన రాళ్ళు కప్పుకున్న మంచు ఎత్తుగా మిగిలి అడ్డుకట్ట అయింది. ఎగువన గుంట పడింది. కరిగిన నీరు ఆ గుంటలో చేరి సరస్సు అయింది. మామూలు గట్టుకు, మంచు గట్టుకు తేడా ఏమిటంటే, మంచు గట్టులో నీరు చిన్న కన్నం దొరకబుచ్చుకుంటే ఆ కన్నాన్ని కరిగించి పెద్దది చేసుకుంటుంది. కాబట్టి నీరు కొంచెం కొంచెంగా కారదు, ఒక్కసారిగా ఖాళీ అవుతుంది. 2008 మేలో అదే జరిగింది. వరద ఆ ఇరుకు గార్జ్ గుండా ఊరి లోయలోకి వచ్చింది.

సరస్సు ఏటా వేసవిలో పెరుగుతుందని తెలిసిన అధికారులు పక్క కొండలో సుమారు రెండు కిలోమీటర్ల సొరంగం తవ్వించారు. 2010కి అది పనిచేయసాగింది. ఖర్చు సుమారు కోటిన్నర స్విస్ ఫ్రాంకులు. సొరంగం సరస్సును ఎండగట్టదు. నీరు ఒక మట్టం దాటకుండా చూస్తుంది, అంటే విరుచుకుపడగల నీటి పరిమాణానికి హద్దు పెడుతుంది. వరద ముప్పు ఉన్న ఊళ్ళ గురించి రాసేటప్పుడు ఈ తేడా పట్టుకోండి. ప్రమాదాన్ని లేకుండా చేయడం, దాన్ని భరించగల పరిమాణానికి తగ్గించడం ఒకటి కాదు.

ఇదే పని హిమాలయాల్లో చాలా పెద్ద ఎత్తున జరుగుతోంది. 2023 అక్టోబరులో సిక్కింలోని సౌత్ ల్హొనాక్ సరస్సు మొరైన్ గట్టు తెగి, తీస్తా నదిపై చుంగ్‌థాంగ్ దగ్గరి జలవిద్యుత్ ఆనకట్టను తుడిచిపెట్టింది, చాలామంది ప్రాణాలు తీసింది. గ్రిండెల్‌వాల్డ్‌లో సరస్సు ఊరివాళ్ళ కంటి ముందు పెరిగింది, కొలిచేవాళ్ళు రోజూ కొలిచారు, సొరంగం తవ్వడానికి డబ్బుంది. సౌత్ ల్హొనాక్ అయిదు వేల మీటర్లకు పైన, రోడ్డు లేని చోట ఉంది. భూగోళశాస్త్ర సూత్రం రెండుచోట్లా ఒకటే, ఫలితం ఒకటి కాదు.

అభ్యాసం

స్విట్జర్లాండు ప్రభుత్వ భూపట సంస్థ స్విస్‌టోపో తన పాత పటాలను అందరికీ అందుబాటులో ఉంచింది. ఇంటర్నెట్ ఉన్న ఫోనులో చూడవచ్చు, లేదా అధ్యయన కేంద్రంలో కౌన్సిలర్‌ను అడగండి. 1845-1865 మధ్య ప్రచురించిన డూఫూర్ పటంలో గ్రిండెల్‌వాల్డ్ షీటు తెరవండి. దిగువ హిమానీనదం కొస ఎక్కడుందో గుర్తు పెట్టుకుని, నేటి పటంలో అదే కొసను వెతకండి. రెండింటి మధ్య దూరాన్ని పటం స్కేలుతో కొలవండి. తరువాత ఆ ఖాళీ అయిన మేరలో నేటి పటం ఏయే గుర్తులు చూపిస్తోందో, గార్జ్, మొరైన్, నీరు, రాళ్ళ వాలు, ఒక్కొక్కటి రాసి, వాటిలో మంచు చేసినదేది, నీరు చేసినదేది, మంచు పోయాక కూలినదేది వేరు చేయండి. ఒకటి రెండు చోట్ల తేల్చుకోలేరు. ఆ చోట్లను అలాగే రాసుకుని సంప్రదింపు తరగతికి తీసుకురండి, చర్చ అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు.